పరదా వెనక చెంపదెబ్బ

ఆ రోజు పొద్దున దబీర్‌పురా పాలవాళ్ల గల్లీలో బర్రెలకు తప్ప అందరికీ తొందరగానే ఉంది. పాలు పిండడం, పోయడం, పేడ ఎత్తడం, జొన్నరొట్టెలు కాల్చడం అన్నీ ముగించుకొని మధ్యాహ్నం ఆటకు నయాపూల్ దగ్గరి టాకీసుకు పోవాలని గల్లీ అంతా తీర్మానించుకుంది. పట్నమంతా ఉర్దూ టాకీలే ఆడే ఆ రోజుల్లో మద్రాసు నుంచి తెలుగు బొమ్మ రావడమే ఒక విశేషం. అందులోనూ అది నవ్వుల బొమ్మ. పేరు ‘తలుపు తియ్యి కామాక్షీ’. విశ్వంభరరావు, కుముదవల్లి పోటీలు పడి నటించారని, చివర్లో ఒక సీను చూడకపోతే పుట్టి దండగని చూసి వచ్చినవాళ్లు ఊరించి చెప్పారు. ఊరించేవాళ్లకేం, ఊరించి పోతారు. తర్వాత జరిగేది వాళ్ల కొంపలో కాదు కదా.

బాలనర్సింహకు సినిమాల పిచ్చి లేదు. అతనికున్నది కోపం. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు, ఇతని కోపానికి ఫలానా చోటని లేదు. తాడు ముడి పడినా కోపమే, ముడి విడినా కోపమే. అయితే చేయి మాత్రం ఎవరి మీదా లేపినవాడు కాదు. అతని భార్య రాజమణి ఆ ఒక్క గుణాన్ని పట్టుకొనే ఇన్నేళ్లు కాపురం చేసింది, మిగతావాటిని గాలికి వదిలేసింది.

ఆ ఇంట్లో ఇప్పుడు రాజమణి అక్క కృష్ణమ్మ కూడా ఉంది. ఉప్పుగూడ నుంచి వాచిన చెంపతో, ఒక చిన్న మూటతో వచ్చింది. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైందని మొగుడు గుండయ్య కొట్టాడు. కొట్టి, అదే పచ్చిపులుసు రెండోసారి వేయించుకొని మరీ తిన్నాడు. ఆ తిండి సంగతి తలుచుకున్నప్పుడల్లా రాజమణికి కడుపు రగిలిపోయేది. ఆదివారం గుండయ్య కులపెద్ద ఈశ్వరయ్యను వెంటబెట్టుకొని పెళ్లాన్ని తీసుకుపోవడానికి వస్తానని కబురు పెట్టాడు. పంచాయతీలో ఆడవాళ్ల మాటకు విలువ ఉండదు. ఇంటి మొగవాడు నోరు తెరిచి ‘పంపం’ అంటేనే అది మాట. అందుకని రాజమణి మొగుడి దగ్గర మాట తీసుకుంది.

“మా అక్క దిక్కు నువ్వే మాట్లాడాలె. మళ్ల ఆ రాకాసోని చేతిల పెట్టొద్దు” అంది.

“ఎందుకు పెడ్త? వాడు మల్ల చెయ్యి లేపనని పదిమంది ముందర ఒప్పుకునేదాంక పంపేదే లేదు. నువ్వు ఫికర్ జెయ్యకు” అన్నాడు బాలనర్సింహ. అన్న మాట మీద నిలబడే మనిషే. రాజమణి గుండె కుదుటపడింది. అక్క కూడా నాలుగు నవ్వులు నవ్వుతుందని ఆమెనూ సినిమాకు బయలుదేరదీసింది.

టాకీసులో ఆడవాళ్లకు వేరే తలుపు, వేరే చోటు. దాన్ని జనానా అంటారు. హాలు వెనక భాగంలో నడుమెత్తు చెక్క అడ్డం, దాని ముందు పైకప్పు నుంచి వేలాడే నల్లటి మందపాటి పరదా. దీపాలు వెలిగితే పరదా దిగాలి, దీపాలు ఆరితే లేవాలి. మొగవాళ్ల కళ్లు ఆడవాళ్ల మీద పడకూడదట. నెత్తిన పాలబిందె పెట్టుకొని పట్నమంతా తిరిగే రాజమణి లాంటివాళ్లకు ఈ మర్యాద కొత్తే, అయినా టాకీసు కాయిదా, అంటే కట్టుబాటు, టాకీసుది. పరదా తాడు బయటి వసారాలో ఉంటుంది. దాన్ని లాగే ఉద్యోగం ఒక ముసలమ్మది. గాలికి లేవకుండా పరదా అంచుకు ఇనుప కడ్డీ కుట్టించారు, అందుకని లోపలినుంచి దాన్ని ఎత్తడం ఎవరి తరమూ కాదు.

బొమ్మ బాగుంది. రఘుపతి అనే కుర్రవాడు తాను వకీలునని అబద్ధం చెప్పి కామాక్షిని పెళ్లాడతాడు. తీరా చూస్తే నాటకాల కంపెనీలో మీసాలు అతికించేవాడు. కామాక్షి తలుపు వేసుకుంటుంది. రఘుపతి గాజులవాడిగా ఒకసారి, సోదెమ్మగా ఒకసారి, వైద్యుడిగా ఒకసారి వేషాలు మార్చి వస్తుంటాడు. కుముదవల్లి తలుపు సందులోంచి ఒక్క కన్ను మాత్రమే కనిపించేటట్టు నిలబడి, ఆ ఒక్క కన్నుతోనే కోపం, అనుమానం, వచ్చే నవ్వును ఆపుకోవడం అన్నీ చేసి చూపించింది. సోదెమ్మ వేషంలో విశ్వంభరరావు తన గుట్టు తానే బయటపెట్టుకొని తడబడితే కృష్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. అక్క నవ్వు విని రాజమణికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

చివరికి రఘుపతి ఏ వేషమూ లేకుండా వచ్చి తలుపు తట్టాడు. లోపల గడియ కదిలింది. సరిగ్గా అప్పుడే రీలు తెగింది. దీపాలు వెలిగాయి, పరదా దిగింది. మొగవాళ్లు ఈలలు వేశారు, ఆపరేటరును వాడి తాతముత్తాతలతో సహా తలుచుకున్నారు. రీలు అతికించి దీపాలు ఆర్పారు, బొమ్మ మళ్లీ మొదలైంది. పరదా మాత్రం లేవలేదు. ఆ వెలుతురు చూసి ఆట అయిపోయిందనుకున్న ముసలమ్మ తాడు మేకుకు చుట్టి చాయ్ తాగడానికి వెళ్లింది.

“పరదా లేపున్రి” అని ఆడవాళ్లు అరిచారు. విననిస్తేనా ఆ మొగవాళ్ల గోల. నల్లటి బట్ట అవతల తలుపు కిర్రుమంది. తర్వాత ఛెళ్లుమని చెంపదెబ్బ. ఆ వెంటనే హాలంతా పగలబడి నవ్వు, చప్పట్లు, ఈలలు. ఆ నవ్వులన్నిటిలో ఒక నవ్వు రాజమణి గుర్తుపట్టింది. దూరం పోయిన బర్రెను పిలిచినట్టుండే ఆ నవ్వు తన మొగుడిదే. పక్కన కృష్ణమ్మ చెయ్యి దానంతటదే తన చెంప మీదికి పోయింది.

ముసలమ్మ పరుగున వచ్చి పరదా లేపేసరికి తెర మీద కామాక్షి రఘుపతి కాళ్ల మీద పడి వెక్కివెక్కి ఏడుస్తోంది. “నన్ను క్షమించండి” అంటోంది. అతను ఆమెను లేవనెత్తాడు. శుభం పడింది.

జరిగింది ఇంతే. తలుపు తీసిన కామాక్షి మొగుడి చెంప పగలగొట్టింది. రఘుపతి తిరిగి చెయ్యెత్తకుండా అట్లాగే నిలబడ్డాడు. నొప్పి, సిగ్గు, తలుపు తెరుచుకుందన్న సంతోషం, మూడూ ఆ ఒక్క మొహంలో కనిపించాయి. కొట్టినందుకు కామాక్షే ఏడ్చింది. విశ్వంభరరావు నిలబడిన ఆ తీరుకు మొగవాళ్లు చప్పట్లు కొట్టారు. కాని పరదా ఇవతల ఉన్నవాళ్లకు వినబడింది ఒక దెబ్బ, కనబడింది ఒక ఏడుపు. మధ్యలో ఉన్నదాన్ని వాళ్లు తమ తమ ఇళ్లలో చూసినదాన్ని బట్టి పూరించుకున్నారు. లోకంలో ఏ ఆడదైనా అట్లాగే పూరించుకుంటుంది. అది వాళ్ల తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంటికి వచ్చాక రాజమణి రొట్టెల పళ్లెం మొగుడి ముందు దించి పెట్టలేదు, ఎత్తు నుంచి వదిలింది. అది చప్పుడు చేస్తూ పడింది.

“ఏందే గట్లున్నవ్? బొమ్మ నచ్చలేదా?” అన్నాడు బాలనర్సింహ.

“నీకు నచ్చింది గద.”

“నచ్చకేంది. ఆ దెబ్బ సీన్ల చేతులు నొయ్యంగ చప్పట్లు గొట్టిన.”

“ఆ పిల్ల ఏడుస్తుంటె నవ్వుకుంట కొట్టినవా?”

“గది ఉత్త ఏడ్పే పిచ్చిదానా, యాక్టింగు. గామె గొప్పతనమే గది.”

“దెబ్బ గూడ యాక్టింగేనా?”

“దెబ్బ మాత్రం నిజంగనే కొట్టిన్రంటున్నడు పక్కింటి బీరయ్య. సప్పుడు ఇన్నవ్ గద.” బాలనర్సింహ రొట్టె విరిచాడు. అతని మనసు గుండయ్య మీదికి పోయింది. అట్లాంటివాడికి ఇంట్లో ఒకటి తగిలితే ఎంత బాగుండేదో అనుకున్నాడు. అనుకున్నదాన్ని సగం మింగి సగమే బయటికి అన్నాడు. “సంసారమన్నంక అప్పుడప్పుడు గట్లొకటి పడాలె. పడితేనే బుద్ధొస్తది.”

పొయ్యి దగ్గర కృష్ణమ్మ తల వంచుకుంది. రాజమణి మొగుడి వైపు చూసింది. పక్కింటి మనిషిని చూసినట్టు చూసింది. “సరే” అని ఒక్క మాట అని కొట్టం వైపు వెళ్లిపోయింది. పెళ్లాలు ‘సరే’ అన్నప్పుడు మొగవాళ్లు తినడం ఆపి ఆలోచించాలి. బాలనర్సింహ ఇంకో రొట్టె అడిగాడు.

మర్నాడు పొద్దున రాజమణి బర్రెల దగ్గరికి పోలేదు. గడపలో కూర్చొని తల దువ్వుకుంటోంది.

ఆ గల్లీలో పాలు పిండేది ఆడవాళ్లే. మొగవాళ్లు మేపుతారు, కడుగుతారు, గడ్డి మోస్తారు, కేకలేస్తారు. బర్రె మాత్రం తనకు అలవాటైన చేతికి తప్ప పాలు చేపదు. బాలనర్సింహ కూర్చొని పొదుగు తడిమాడు. బర్రె పాలను పైకి గుంజుకొని, దూరంగా ఉన్న గోడను చూస్తూ నెమరు వేసింది. దుడ్డెను వదిలి చూశాడు. దుడ్డె తాగినంతసేపు చేపింది, అతను ముట్టుకోగానే మానేసింది.

ఇట్లాంటప్పుడు పాలవాళ్లు చేసే ఉపాయం ఒకటుంది. పెళ్లాం చీర కట్టుకొని కూర్చుంటే వాసన చూసి బర్రె మోసపోతుంది. పళ్లు కొరుకుతూ బాలనర్సింహ దండెం మీది చీర తీసి చుట్టుకున్నాడు, మీసాలు కనబడకుండా కొంగు ముసుగు వేసుకున్నాడు. బర్రె తల తిప్పి వాసన చూసింది. ఒక్క క్షణం మోసపోయినట్టే ఉంది. అంతలో తాడు కాలికి తట్టుకొని బాలనర్సింహ తన సహజమైన గొంతుతో దాని తల్లిని తిట్టాడు. బర్రె తన్నిన తన్నుకు తపేలా వాకిట్లోకి దొర్లింది. చీరతో సహా అతను పేడలో కూర్చున్నాడు.

“ఈ యేసం నీకు ఆ రఘుపతి నేర్పిండా?” అని గడపలోంచి అడిగింది రాజమణి.

బాలనర్సింహకు ఒళ్లు మండింది. బదులు చెప్పబోయి చూస్తే గోడ మీదినుంచి పక్కింటి ఎల్లమ్మ చూస్తోంది. ఆమె కూడా తల దువ్వుకుంటోంది. ఆ వెనక ఇంకో ఇంట్లో ఇంకొకామె. గల్లీ ఆడవాళ్లందరికీ ఆ పొద్దున తలలే దువ్వుకోవాలని తోచింది. ఆ పూట గల్లీ నుంచి ఒక్క బిందె కదలలేదు. చాయ్ హోటలు మాలిక్ మనిషిని పంపి తిట్టించాడు. హకీం గారి ఇంటినుంచి ఖాళీ గిన్నె వచ్చి వాకిట్లో నిలబడింది. స్టేషన్ మాస్టరు స్వయంగా వచ్చి, పాలు లేకపోతే పోనీ, కారణమేమిటో చెప్పమన్నాడు. కారణం తెలిస్తే కదా చెప్పడానికి.

మొగవాళ్లు చాయ్ హోటల్లో కూడారు. పాలు లేవు కాబట్టి మాలిక్ వాళ్ల ముందు నల్లచాయ్ కోపంగా పెట్టి పోయాడు.

“నాకెర్కే సంగతి” అన్నాడు ఎల్లమ్మ మొగుడు బీరయ్య. తనకు తెలియని సంగతి లోకంలో లేదని అతని నమ్మకం. “మనం కుముదవల్లిని జూసి నోళ్లు తెరిసినమని ఆడోళ్లకు కుళ్లు. నిన్న మా ఇంట్ల గూడ ఆ పిల్ల ఏడ్పు గురించే లొల్లి.”

బాలనర్సింహకు వెలిగింది. “మా ఇంట్ల గూడ గదే. ఆ పిల్ల ఏడుస్తుంటె చప్పట్లు గొట్టినవా అన్నది.”

“మరింకేంది. ఇంటికి పోయి గామె యాక్టింగు దండుగని చెప్పు. అంతా విశ్వంభరరావే చేసిండను. దెబ్బ సీను మొత్తం ఆయనదే అను. ఆడోళ్లు సల్లవడ్తరు.”

ఇంత తెలివైన సలహా వింటే ఎవరికైనా ఇంటికి పరుగెత్తాలనిపిస్తుంది. అందరూ పరుగెత్తారు.

రాజమణి బర్రెలకు కుడితి కలుపుతోంది. బాలనర్సింహ గొంతు తగ్గించాడు. ఆ ప్రయత్నానికే అతనికి చెమట పట్టింది.

“రాజమణీ, నిన్న నేను తప్పు మాట్లాడిన. ఆ కుముదవల్లికి యాక్టింగే రాదు. ఉత్తగ నిలవడ్డది. దెబ్బ సీన్ల మొత్తం పేరు విశ్వంభరరావుదే. ఏం చేసిండు, అబ్బ. నిజమైన మొగోడంటె గట్లుండాలె. నా మనసుల గూడ గట్లనే ఉండాలని ఉన్నది.”

ఆమె కుడితి బక్కెట ఎత్తి అతని మీద కుమ్మరించింది. తవుడు మీసాల మీదినుంచి జారుతుండగా అతను విన్నాడు, ఎల్లమ్మ ఇంట్లోనూ నీళ్లు పడిన చప్పుడైంది. ఆ వెనక ఇంట్లోనూ అయింది. గల్లీ పొడుగునా ఒకే మాట, ఒకే కుడితి.

ఇక బాలనర్సింహ కోపానికి కట్ట తెగింది. “మంచిగ మాట్లాడ్తె గిట్లనా? అయితే ఆదివారం పంచాయతీల నేను నోరు తెరువ. మీ అక్క, మీ బావ, మీ ఇష్టం” అని వీధి వీధంతా వినేట్టు అరిచాడు.

“నువ్వు తెరువకుంటేనే మంచిది. తెరిస్తె వాని దిక్కే మాట్లాడ్తవ్” అని ఆమె అంతకంటే గట్టిగా అంది.

కృష్ణమ్మ లోపలికి పోయి తన మూట కట్టుకోవడం మొదలుపెట్టింది. “నా గురించి మీరు తన్నుకోకున్రి. నేను ఆదివారం వానితోని పోత. పోతే ఏమైతది, చస్తనా” అంది. ఆ మాట విన్నాక ఇద్దరిలో ఎవరైనా ఒక మెట్టు దిగవలసింది. రాజమణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది, బాలనర్సింహ మీసం మీది తవుడు తుడుచుకున్నాడు. అయినా ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి కూర్చున్నారు. పంతం పట్టినవాళ్లను చూస్తే నాకు జాలి కలగదు, మొట్టికాయ వేయాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున గుండయ్య వచ్చాడు. ఇస్త్రీ అంగీ, నూనె పెట్టిన మీసం. వెంట ఈశ్వరయ్య, చేతికర్రతో. గల్లీ అంతా వాకిట్లో చేరింది. ఈశ్వరయ్య మంచం మీద కూర్చొని గొంతు సవరించుకున్నాడు.

“బాలనర్సింహా, ఆడివిల్ల నీ ఇంట్ల ఉన్నది. నీ మాట ఏంది?”

బాలనర్సింహ నోరు తెరవలేదు. అతని మీసంలో ఇంకా ఒక తవుడు పలుకు ఉంది. గుండయ్య మొహం వికసించింది.

రాజమణి ఇక ఆగలేకపోయింది. “ఆయనను అడుగకు పెద్దయ్యా. ఆయనకు ఈ పంచాయతీల మాట్లాడే హక్కు లేదు. పెండ్లాన్ని మొగుడు చెంప మీద కొడ్తె టాకీసుల కూసొని చప్పట్లు గొట్టిన మనిషి” అంది.

“ఎవడు కొట్టిండు?” అన్నాడు బాలనర్సింహ.

“ఆ రఘుపతి. నీ విశ్వంభరరావు.”

“వాడెక్కడ కొట్టిండే. కామాక్షే గద వాణ్ణి కొట్టింది.”

 ఆడవాళ్లందరూ ఒకేసారి మాట్లాడారు. కొట్టినదైతే కాళ్లెందుకు పట్టుకుంటుంది, ఎందుకేడుస్తుంది, తప్పు కప్పిపుచ్చుకోవడానికి మొగవాళ్లంతా కలిసి కట్టిన కథ ఇది అన్నారు. మొగవాళ్లు ఒట్లు పెట్టారు. బీరయ్య తన బర్రె మీద ఒట్టు పెట్టాడు. అతను దాని మీద అబద్ధపు ఒట్లు ఎన్ని పెట్టాడో ఎల్లమ్మకు తెలుసు కాబట్టి మొగవాళ్ల పక్షం ఇంకా బలహీనపడింది.

గుండయ్య తొడ చరిచి నవ్వాడు. విచిత్రం చూడండి, అతను ఆడవాళ్ల పక్షం చేరాడు. “ఆడోళ్లు చెప్పేదే నిజం. పెండ్లాం మొగణ్ణి కొట్టుడు ఎన్నడన్న ఉంటదా? కొడ్తె మల్ల కొట్టకుంట వాడు నిలవడ్తడా? గసుంటి మొగోణ్ణి ఒక్కణ్ణి ఆ టాకీసుల చూపెట్టున్రి, నేను ఒక్కణ్ణే ఉప్పుగూడకు పోత. ఈమె పదిమందిల రమ్మంటే తప్ప ఈ గడప తొక్క.”

“మాట మీదుంటవా?” అన్నాడు ఈశ్వరయ్య.

“ఉంట. చూపెట్టకపోతే గిప్పుడే తీస్కపోత, ఎవ్వలు అడ్డం రావొద్దు.”

ఈశ్వరయ్య కర్ర పట్టుకొని లేచాడు. “ఇవ్వాల ఆ బొమ్మ ఆఖరు రోజని విన్న. నడువున్రి, పంచాయతీ ఆడనే తెంపుదాం” అన్నాడు. కృష్ణమ్మ మూట పట్టుకొనే బయలుదేరింది.

ఈసారి ఆడవాళ్లు ఎవరినీ నమ్మలేదు. ఎల్లమ్మ వసారాలో ముసలమ్మ పక్కన కూర్చొని పరదా తాడు తన చేతికి చుట్టుకుంది. దీపాలు వెలిగినా పరదా దించేది లేదని చెప్పింది. అది కాయిదా కాదని టాకీసు మేనేజరు బాబురావు వచ్చి కేకలేశాడు. ఎల్లమ్మ అతని కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసింది. అతను వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

బొమ్మ నడిచింది. ఆ నవ్వుల బొమ్మకు ఆ వేళ ఒక్కరు నవ్వలేదు. గాజులవాడు వచ్చాడు, సోదెమ్మ వచ్చింది, వైద్యుడు వచ్చాడు. విశ్వంభరరావు ప్రాణం పెట్టి నటించాడు, హాలు హాలంతా కోర్టులో సాక్షిని చూసినట్టు అతన్ని చూసింది. చివరికి తలుపు తట్టాడు. బాలనర్సింహ కుర్చీ అంచుకు వచ్చాడు. గడియ కదిలింది. తలుపు తెరుచుకుంది. కామాక్షి చెయ్యి పైకెత్తింది.

అంతలో తెర మీది బొమ్మ ఒక్కసారి ఎగిరి పడింది. చూస్తే కామాక్షి రఘుపతి కాళ్ల మీద ఉంది.

ఆ రీలు రోజూ ఆ చోటనే తెగుతోంది. తెగినప్పుడల్లా ఆపరేటరు ఇంత ముక్క కత్తిరించి మిగతాది అతికిస్తున్నాడు. రోజుకింత చొప్పున పోయి పోయి చెంపదెబ్బ అంతా చెత్తబుట్టలో చేరింది. విశ్వంభరరావు జన్మలో చేసిన గొప్ప సీను అట్లా బీడీ ముక్కల మధ్య పడి ఉంది.

మొగవాళ్లు లేచి మొత్తుకున్నారు. దీపాలు వెలిగాయి. “ప్రింటు గట్ల వచ్చింది, నేనేం జెయ్యాలె భాయ్? నేను కొట్టాల్నా?” అని బాబురావు వాళ్లకంటే గట్టిగా మొత్తుకున్నాడు. ఆ లొల్లిలో గుండయ్య నవ్వుతూ లేచి, చెక్క అడ్డంలో ఉన్న చిన్న తలుపు తోసుకొని నేరుగా జనానాలోకి నడిచాడు. పరదా పైనే ఉంది, హాలంతా చూస్తోంది. కృష్ణమ్మ రెక్క పట్టుకొని ఒక్క గుంజు గుంజాడు. మూట కింద పడింది.

“నడువ్ ఇంటికి. జూసినవ్ గద, మొగనికి తలుపేసినదాని గతి. కాళ్ల మీద పడాలె. నువ్వు గూడ పడు, పదిమందిల పడు” అన్నాడు.

కృష్ణమ్మ కింద పడ్డ మూటను చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసింది. ఇన్నేళ్లలో ఆమె ఒకరి మీద గొంతు లేపి ఎరగదు. ఆ గొంతులో ఆగిపోయినదంతా ఎప్పటి నుంచి చేతిలోకి చేరుతూ వచ్చిందో. కొట్టింది. హాలు గోడలు రెండుసార్లు పలికాయి.

“గిదే సప్పుడు. ఆనాడు ఇన్నది గిదే” అన్నాడు బీరయ్య ఎక్కడినుంచో.

గుండయ్య చెయ్యి లేచింది. లేచి అక్కడే ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. చెక్క అడ్డం దూకి వచ్చిన బాలనర్సింహ ధోవతి అంచు చిరిగి మేకుకు వేలాడుతోంది. అతని మొహం చూస్తే రాజమణికే భయమేసింది. ఇన్నేళ్లుగా తాళ్ల మీద, బర్రెల మీద, వాన మీద, ఎండ మీద వృథా చేసిన కోపమంతా ఇవాళ ఒక పనికి వచ్చింది.

“దించు” అన్నాడు. ఒక్క మాటే అన్నాడు, అరవకుండా అన్నాడు.

గుండయ్య దించలేదు, కొట్టనూ లేదు. బర్రెల కొమ్ములు వంచే ఆ పట్టులో అతని చెయ్యి కదిలితే కదా. చెంప ఎర్రగా, నోరు సగం తెరుచుకొని, నూనె మీసం ఒక పక్కకు ఒరిగి అట్లాగే నిలబడ్డాడు. నొప్పి ఉంది, సిగ్గు ఉంది. తలుపు శాశ్వతంగా మూసుకుందన్న సంగతి కూడా మెల్లగా ఆ మొహంలోకి వచ్చింది. హాలంతా రెప్ప వేయకుండా చూసింది.

ఈశ్వరయ్య కర్ర తాటించుకుంటూ చెక్క అడ్డం దాకా వచ్చాడు. “పెండ్లాం కొడ్తె మల్ల కొట్టకుంట నిలవడ్డ మొగోణ్ణి ఈ టాకీసుల చూపెట్టుమన్నవ్. అందరం జూసినం. ఇగ నువ్వు ఉప్పుగూడకు పో.”

“నా చెయ్యి పట్టుకున్నడు పెద్దయ్యా” అన్నాడు గుండయ్య.

“పట్టుకుంటే ఏంది. నిలవడ్డవా లేదా? పో.”

జనానాలోంచి మొదటి చప్పట్లు వచ్చాయి. తర్వాత హాలంతా కొట్టింది. గుండయ్య ఆ చప్పట్ల మధ్య నుంచే బయటికి పోవలసి వచ్చింది. అతని వెనక బాబురావు, టాకీసు కాయిదా తప్పి జనానాలోకి మొగవాడు జొరబడ్డందుకు తిడుతూ గేటు దాకా పోయాడు.

రాజమణి చిరిగిన ధోవతి అంచు మేకు మీదినుంచి తీసి మొగుడి చేతిలో పెట్టింది. తెర మీద ఎవరు ఎవరిని కొట్టారో ఆమెకు ఇప్పుడు అక్కర లేదు.

“పొద్దు గూకుతున్నది, పాలు పిండాలె” అంది.

“నా మీద కుడితి పోస్తివి” అన్నాడు బాలనర్సింహ ఇంకా కోపంగానే.

“పోస్తి. ఇంటికాడ వేన్నీళ్లు గూడ పోస్త, నడువ్.”

బయట నయాపూల్ మీద ఎండ పచ్చబడింది. ముందు మొగవాళ్లు నడుస్తూ ఆ నిలబడడంలో విశ్వంభరరావు మొహం బాగుందా, గుండయ్య మొహం బాగుందా అని అప్పుడే వాదన పెట్టుకున్నారు. కృష్ణమ్మ మూట చంకలో పెట్టుకొని, ఎర్రబడిన అరచేతిని కొంగుతో ఒత్తుకుంటూ చెల్లెలి మొగుడి పక్కకు వచ్చింది.

“మరిదీ, నిజం జెప్పు. ఆ బొమ్మల కామాక్షి గూడ గింత గట్టిగనే కొట్టిందా?”

బాలనర్సింహ చిరిగిన ధోవతి అంచు నడుముకు దోపుకున్నాడు.

“లేదొదినా. గామె యాక్టింగు చేసింది.”